కాఫీ పళ్ల కాలంలో నెట్టు

ఆ ఏడు మా కొండల్లో కాఫీ పళ్లు తొందరగా ఎర్రబడ్డాయి. దీపావళి వెళ్లిన మర్నాడు మా అన్న సోములు మా వదిన గంగను నెట్టు సెంటర్లోనే కొట్టాడు.

కారణం చెప్పుకోదగ్గది కూడా కాదు. పళ్లు కోయడానికి మనుషుల్ని ఎందుకు పిలవలేదని అడిగాడు. పిలిచాను, వాళ్ల తోటల్లోనే పని ఉంది, రామన్నారు అంది వదిన. ఎదురు చెప్పిందని చెంప మీద ఒకటి వేశాడు. ఆమె ఏడవలేదు. తల ఎత్తి అతని వైపు చూసింది. ఆ చూపుకు అతనికి ఒళ్లు మండిపోయింది. జుట్టు పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్లి జిరాక్సు మిషను ఉన్న ఇనుప స్టాండుకు కొట్టుకుంది. మిషను బరువుతో సహా ఆ స్టాండు కిర్రుమంటూ గోడ దాకా జరిగిపోయింది. వదిన నుదురు చిట్లి రక్తం ముక్కు మీదుగా కారింది.

నేను పసుపు అద్ది గుడ్డ కట్టాను. అన్న బయటికి వెళ్లి జీపు స్టార్టు చేసుకున్నాడు. బయట ఇద్దరు గుంటలు ఫోటోలు ప్రింటు తీయించుకోడానికి నిలబడి ఉన్నారు. నేల మీది రక్తం తుడిచి, వాళ్లను లోపలికి పిలిచి, పనిలో పడ్డాను. మా ఇంట్లో అలాగే జరిగేది.

ముంచింగిపుట్టు మెయిన్ రోడ్డు మీద మా ఇల్లు. ముందు గది నెట్టు సెంటరు, వెనక మేముండే గదులు. మా అయ్య ఫల్గుణ కాఫీ తోట చూసుకునేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను, సత్యకుమారిని, పాడేరులో డిగ్రీ చదివి వచ్చాక ఆ సెంటరు పెట్టించింది మా అన్నే. కంప్యూటరు పెట్టెను జీపు ముందు సీట్లో మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, ఘాటీ రోడ్డులో కుదుపు తగలకుండా తీసుకొచ్చాడు. నన్ను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేవాడు కాదు. చిన్నప్పుడు హాస్టలుకు వెళ్లనని ఏడిస్తే భుజాల మీద ఎక్కించుకుని వాగులు దాటించినవాడు. అదే మనిషి తాగకుండానే, పట్టపగలే, వదిన మీద చెయ్యి చేసుకునేవాడు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఉంటాయని నేనప్పట్లో ఆలోచించలేదు.

ఆ రోజు నుంచే నెట్టు నడవడం మానేసింది. పూర్తిగా పోయి ఉంటే ఒక బాధ. పోలేదు. నత్తలా పాకేది. ఒక పేజీ తెరుచుకునేలోగా అవతలి మనిషి చుట్ట కాల్చుకుని వచ్చేవాడు. ఫోటో ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయి, మళ్లీ మొదటికొచ్చేది. నెట్టు లైను వచ్చే బాక్సు ఆపి మళ్లీ పెట్టాను. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాను. వైరసేమోనని వెతికించాను. బాక్సు నుంచి కంప్యూటరుకు వెళ్లే వైరు రెండు చివరలూ పీకి మళ్లీ గుచ్చాను. నడిమి వైరు గోడ వారగా, స్టాండు వెనక నుంచి వెళ్తుంది, దాని జోలికి పోలేదు. వైఫై ఉంటే ఫోనులో చూస్తే తెలిసేది గానీ, కుర్రాళ్లు మా అరుగు మీద చేరి సినిమాలు చూస్తున్నారని అన్న దాన్ని ఎప్పుడో ఆపించేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీచరు పోస్టుల దరఖాస్తులు. కొండల మీది ఊళ్ల నుంచి చదువుకున్న పిల్లలంతా మా అరుగు మీదే. ఆఖరి రోజున ఒక గుంట దరఖాస్తు వెళ్లలేదు. సాయంత్రం దాకా నా పక్కనే నిలబడి, తెర మీద తిరిగే ఆ చిన్న గుండ్రాన్ని చూస్తూ వేళ్లు విరుచుకుంది. గడువు దాటిపోయింది. అది కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. దాని తండ్రి మాత్రం జీలుగు కల్లు తాగి వచ్చి, రోడ్డు మీద నుంచి రాయి విసిరాడు. తలుపు అద్దం నా ఒళ్లో పడింది. అన్న బయటికి ఉరికి ఆ ముసలాణ్ని కాలువలో పడేసి తన్నాడు. ఆ గుంట కాళ్లు పట్టుకుంటే గానీ వదల్లేదు.

మర్నాడు లైన్‌మేన్ మల్లేశుకు ఫోను చేశాను.

మల్లేశు వదినకు వరసకు తమ్ముడు, ఆమెను అప్ప అని పిలిచేవాడు. వాళ్లది రాయిపుట్టు, కొండవతల ఊరు. మైదానం నుంచి వచ్చి కేబుల్ వ్యాపారం పెట్టిన వరహాలరావు దగ్గర పనిచేసేవాడు. మా మండలంలో స్తంభాలన్నీ ఎక్కిన మనిషి. నాకు బావ వరస అవుతాడు గనక వచ్చినప్పుడల్లా ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు. ఆ రోజు ఆడలేదు. లోపలికి వస్తూనే వదిన నుదుటి కట్టు చూశాడు.

"ఏటయ్యిందప్పా?"

"జారి పడ్డాను," అంది వదిన.

అతను బాక్సుకు వచ్చే సన్న తీగ పీకి తన మీటరుకు పెట్టి చూశాడు. "లైను బాగానే వొత్తంది సత్యా. బాక్సు దాకా ఏ లోటూ లేదు. ఇక్కడి నుంచి సిస్టానికి ఎల్లే వైరు మీదే నా అనుమానం. ఇది కనెక్షన్ తోటి వొచ్చిన పాత వైరు. ఇంకోటి తెచ్చి మార్చి సూత్తే తెలిసిపోద్ది."

"నీకాడ లేదా?"

"ఇప్పుడు లేదు. సంతరోజు పట్టుకొత్తాను. ఈలోగా ఆ స్టాండు వొకపాలి జరిపి సూద్దాం, ఎలకలేటైనా కొరికాయేమో," అంటూ స్టాండు వైపు వంగాడు. వంగినవాడు, పక్కనే కూర్చున్న వదిన వైపు తల తిప్పి మెల్లగా అన్నాడు, "జారితే అంత పైని తగల్దు అప్పా."

అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో మేం చూడలేదు.

"లైను సూడ్డానికొచ్చావా, నుదురు సూడ్డానికొచ్చావా?"

మల్లేశు లేచి నిలబడ్డాడు. "లైను బాగున్నాది బావా. లోపట వైరు సూడాలి."

"ఇన్నాళ్లూ లేని తేడా ఈ వారంలోనే వొచ్చిందేం? దాన్ని నానొకటి కొడితే నువ్వు నా సెల్లి నెట్టు కోసేత్తావా? లైను నీ సేతిలో ఉందనా?"

"అలగెవుళ్లు సేత్తారు బావా? నా సేతిలో అలగ తగ్గించే మీటేటీ ఉండదు."

"ఎల్లు బయటికి."

మల్లేశు వెళ్లిపోయాడు. అన్న నాతో అన్నాడు, "సూసావా, లైను బాగుందంట. బాగుంటే మరెందుకు పాకుతంది? గంగ వాళ్లూరికి కబురెట్టింది, ఆడు కక్ష తీర్చుకుంతన్నాడు." వదిన వంటింట్లోకి లేచి వెళ్లింది, వెనకే అన్న కూడా. కాసేపటికి అక్కడ గిన్నె ఎగిరిపడిన చప్పుడు వినిపించింది. వదిన గొంతు మాత్రం వినపడలేదు.

నాకూ ఆ మాట కొంత నిజమేమో అనిపించింది. బాక్సు దాకా బాగున్నది గది దాటేసరికి ఎందుకు పాడవుతుంది? స్టాండు నేనొక్కదాన్నీ జరపలేను. సంత రోజు ఎలాగూ వైరు తెస్తానన్నాడు కదా అని ఊరుకున్నాను.

సంత రోజు రోడ్డంతా జనం. పసుపు కొమ్ములు, పిప్పళ్లు, రాజ్మా గుట్టలు పోసుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. జంక్షన్‌లో స్తంభానికి నిచ్చెన వేసుకుని మల్లేశు పైన ఏదో బిగిస్తున్నాడు. మా అరుగు మీంచి కనిపిస్తున్నాడు. కిందికి దిగాక మా ఇంటికి వస్తాడని నేను చూస్తున్నాను. అప్పుడు అన్న జీపు వచ్చి స్తంభం పక్కన ఆగింది.

దిగుతూనే నిచ్చెనను కాలితో తన్నాడు. మల్లేశు స్తంభం పట్టుకుని జారుతూ వచ్చి నడుం మీద పడ్డాడు. రాజ్మా గుట్ట చెదిరింది. ఆడవాళ్లు కేకలు వేసుకుంటూ లేచిపోయారు. అన్న సీటు కింద నుంచి జాకీ రాడ్డు తీశాడు.

నేను పరిగెత్తాను. జనాన్ని తోసుకుని వెళ్లేసరికి మొదటి దెబ్బ కాలి మీద పడింది.

"నా సెల్లి కొట్టు మూయించేత్తావేట్రా?"

"బావా, వైరు తెచ్చాను బావా. సంచిలో ఉన్నాది. మార్చేత్తే అయిపోద్ది..."

"ఇంకా వైరంతావేటి! దొంగ నాకొడకా, గంగ సెప్పిందని కదా సేత్తన్నావు?"

మల్లేశు లేవడానికి కుడిచేత్తో స్తంభం మొదలు పట్టుకున్నాడు. అన్న ఆ చేతి మీద కొట్టాడు. సిమెంటుకూ ఇనుముకూ మధ్య చెయ్యి నలిగిన చప్పుడు. పచ్చి వెదురు విరిగినట్టుగా. మల్లేశు నోరు తెరిచాడు గానీ అరుపు రాలేదు. అన్న మళ్లీ కొట్టాడు, అదే చేతి మీద. నేను అతని మోచేతికి వేలాడాను. విదిలించుకుంటే వెళ్లి జీపు టైరుకు తగిలాను. ఎదురుగా మైదానం షావుకారు షట్టరు కిందికి లాగేసుకున్నాడు. అంతమంది జనంలో ఒక్కడు ముందుకు రాలేదు.

వదిన వచ్చింది. ఎటు నుంచి వచ్చిందో, వచ్చి మల్లేశు మీద బోర్లా పడింది. రాడ్డు పైకి లేచే ఉంది. అన్న దాన్ని దించబోయాడు. ఆమె మీదే. అది నేను చూశాను, సంతంతా చూసింది. అప్పుడు గానీ మగాళ్లకు కాళ్లు కదలలేదు. నలుగురు వెనక నుంచి పట్టుకుంటే రాడ్డు పక్కకు పడింది. అన్న వాళ్లను గుద్ది విడిపించుకుని, జీపు కూడా అక్కడే వదిలేసి, సందుల్లోంచి కొండవైపు పరిగెత్తాడు.

మల్లేశును ఇంకొకరి జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అతని చెయ్యిని వదిన తన చీర చెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. చెంగంతా తడిసిపోయింది. జీపు కదులుతుంటే ఆమెను పిలిచాను. తిరిగి చూడలేదు.

స్తంభం దగ్గర అతని సంచి పడి ఉంది. తీసుకుని ఇంటికొచ్చాను. స్క్రూ డ్రైవరు, టేపు, మీటరు, చుట్టగా చుట్టిన కొత్త వైరు. దాని మీది కవరు ఇంకా విప్పలేదు.

ఎందుకు చేశానో తెలీదు. నా చేతులకు ఏదో ఒక పని కావాలి. కవరు చింపాను. కంప్యూటరు వెనక పాత వైరు పీకి కొత్తది గుచ్చాను. రెండో చివర నేల మీంచి అడ్డంగా లాగి బాక్సుకు గుచ్చాను. కంప్యూటరు వెనక ఇన్నాళ్లూ పసుపుగా మినుకుమంటున్న లైటు పచ్చగా వెలిగింది. ఒక పేజీ తెరిచాను. వెంటనే వచ్చేసింది. మరొకటి తెరిచాను. అదీ వచ్చింది. కంప్యూటరులో వైరు స్పీడు చూపించే చోట, ఇన్ని రోజులుగా పది దగ్గరే ఆగిపోయిన అంకె వెయ్యి చూపిస్తోంది. కొత్తది పీకి పాతది గుచ్చితే మళ్లీ పది. మళ్లీ మార్చితే వెయ్యి.

అయ్య తోట నుంచి వచ్చాడు. సంత కబురు అతనికి దారిలోనే అందింది. నేనేం చెప్పకుండా, స్టాండు జరపాలి, ఒక చెయ్యి పట్టమన్నాను. ఇద్దరం జరిపాం. స్టాండు కాలి కింద వైరు అణిగి, తొక్కు చీలి, లోపలి రంగు తీగలు బయటపడి ఉన్నాయి. గచ్చు మీద స్టాండు ఇదివరకున్న చోటు నుంచి గోడ దాకా తెల్లగా గీసుకుపోయిన చార. వదిన పడ్డ రోజుది.

అయ్య ఆ చార చూస్తూ గొంతుక్కూర్చున్నాడు.

"సోముల్ని రానీ," అన్నాడు.

అన్న రాలేదు. మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, రాయిపుట్టు వాళ్లొచ్చారు.

రోడ్డు నిండా ఒకేసారి అడుగుల చప్పుడు. కిటికీలోంచి చూస్తే మంచులో గొడ్డళ్లు ముందు కనిపించాయి, మనుషులు తర్వాత. మల్లేశు వాళ్ల అన్న అందరికంటే ముందున్నాడు. పెళ్లినాడు వదినను మా గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాడు అతనే.

"సోములేడీ?"

అయ్య తలుపు తీసి అడ్డంగా నిలబడ్డాడు. "ఇంట్లో లేడు. నానున్నాను. కూకోండి, మాటాడుకుందాం."

"మా గుంటడి సెయ్యి తీసేత్తారంటన్నారు. నీతోటి మాటలేటి?"

పక్క నుంచి ఎవరో తలుపు మీద గొడ్డలి వేశారు. ఆ తర్వాత అంతా ఒక్కసారే జరిగింది. అయ్యను తోసుకుని లోపలికొచ్చారు. కంప్యూటరు తెర మీద గొడ్డలి తిరగేసి కొట్టారు. ప్రింటరును రోడ్డు మీదికి విసిరారు. జిరాక్సు మిషను ఎంతకీ పగలకపోతే, ఒకడు దాని మీదికెక్కి, కసి తీరా నరికాడు. నేను మూల నిలబడి వద్దు వద్దంటున్నాను. ఎవరో నా డొక్కలో తన్నారు. కింద పడి పైకి చూసేసరికి అయ్య ఆ మిషను మీది మనిషిని ఆపడానికి చెయ్యి అడ్డం పెడుతున్నాడు. గొడ్డలి దిగిపోయింది. అయ్య ఎడమ భుజం మీద.

"అబ్బా" అని మాత్రం అని, అలసిపోయినవాడిలా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్లచొక్కా నడుం దాకా ఎర్రబడింది.

నరికినవాడు గొడ్డలి వైపు, అయ్య వైపు చూసి ఏదో అనబోయాడు. మల్లేశు వాళ్ల అన్న వాడి రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. అందరూ వెళ్లిపోయారు. మంచులో వాళ్ల మాటలు వినపడలేదు, అడుగులే వినిపించాయి.

అయ్యను ఆసుపత్రికి చేర్చి, కుట్లు వేయించి తీసుకొచ్చేసరికి మా పెరడు మనుషులతో నిండిపోయింది. మా చిన్నాయన సర్వేశ్వరరావు మా వాళ్లందరికీ పెద్ద, ఒకప్పుడు సర్పంచి చేసినవాడు. ఆయన కబురు పెట్టకపోయినా చుట్టాలంతా వచ్చేశారు. ఒకడు సానరాయి మీద కత్తి నూరుతున్నాడు. ఇంకొకడు నాటు తుపాకీ తెచ్చాడు. పొద్దు వాలకముందే రాయిపుట్టు చేరాలని, ముందు ఎవరింటికి నిప్పు పెట్టాలని మాట్లాడుకుంటున్నారు. నడుమ అన్న నిలబడి ఉన్నాడు. కాఫీ తోటలో దాక్కున్నవాడు అయ్యను నరికారని తెలిసి దిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టున్నాడు.

"నాను ఊరికే కొట్టానా?" అంటున్నాడు. "ఆడే మొదలెట్టాడు. నా సెల్లి నోటికాడ కూడు తీసేసాడు. ఇప్పుడు మా అయ్యని నరికేరు. ఇంకేటి సూత్తారు, లెగండి!"

లేచారు. నేను లోపలికెళ్లి పాత వైరు తెచ్చాను.

"అన్నా, నెట్టు ఆడు తగ్గించలేదు."

ఎవరికీ వినపడలేదు. చిన్నాయన ముందుకెళ్లి మళ్లీ అన్నాను. "సిన్నాయినా, మల్లేశు బావ ఏటీ సెయ్యలేదు. ఇదిగో, ఈ వైరు నలిగిపోయింది. ఆడు తెచ్చిన కొత్త వైరు పెడితే నెట్టు బాగా వొచ్చింది. నిన్ననే వొచ్చింది."

"ఎలగ నలిగింది?" అన్నాడు చిన్నాయన.

"స్టాండు కాలి కింద. అన్న వదినని తోస్తే ఆవిడెల్లి స్టాండుకి గుద్దుకుంది. స్టాండు జరిగి వైరు మీద కూకుంది. ఆ రోజు నుంచే పాడయ్యింది."

అన్న నా వైపు నడిచి వచ్చాడు. నన్ను అతను అంతకు ముందెప్పుడూ కొట్టలేదు. పిడికిలి నా నోటి మీద పడింది. నోట్లో ఉప్పగా రక్తం, నాలుక మీద విరిగిన పంటి ముక్క. లేచి నిలబడి, ఆ రక్తంతోనే మళ్లీ చెప్పాను, అదే మాట. ఈసారి పెరడంతా విన్నది.

"ఒక వైరు ముక్క పట్టుకొచ్చి అన్నని అప్పజెప్తావేటే?" అని మళ్లీ చెయ్యెత్తాడు.

"ఆగరా," అన్నాడు చిన్నాయన. నా చేతిలోంచి వైరు తీసుకుని, అణిగిన చోట వేళ్లతో తడిమాడు. విరిగిన తలుపు దాటి లోపలికి వెళ్లాడు. గాజు పెంకుల మధ్య గచ్చు మీది చార చూసినట్టున్నాడు, తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

"అన్నా," అని అయ్యను పిలిచాడు. "నువ్వు సూసావా?"

అయ్య నులకమంచం మీద ఉన్నాడు. "నిన్ననే సూసాను," అన్నాడు.

"మరి నీ బుజం సంగతో?" అని తుపాకీ తెచ్చినవాడు అరిచాడు.

"నా బుజం నాది. అది నాను సూసుకుంతాను. ఆ కత్తులు కింద ఎట్టండి."

కొంతమంది పెట్టారు. కొంతమంది గొణుక్కుంటూ నిలబడ్డారు. అప్పుడు అన్న పక్కనున్న వాడి చేతిలోంచి గొడ్డలి లాక్కుని నా మీదికి వచ్చాడు. నిజంగా నరికేవాడా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. ఆ కళ్లను నేను అంత దగ్గరగా చూశాను. నరికేవాడే. అతనితో రాయిపుట్టు వెళ్లడానికి వచ్చినవాళ్లే అతన్ని కింద పడేశారు. మోకాళ్లు వీపు మీద పెట్టి, పెరట్లోని తాడుతో చేతులు కట్టారు. మట్టిలో మొహం పెట్టి అతను నన్ను తిట్టిన తిట్లు మా ఇంట్లో అంతకు ముందు వదిన ఒక్కతే వినేది.

చిన్నాయన ముందు నడిచాడు. అన్నను పోలీసు స్టేషనుకు తీసుకెళ్లి అప్పజెప్పారు. ఎస్సై అడిగితే సంతలో చూసింది చూసినట్టు చెప్పాను. అయ్యను నరికిన మనిషిని కూడా రాయిపుట్టు వాళ్లే మూడోనాడు తీసుకొచ్చి అప్పగించారు.

మల్లేశును విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపారు. చెయ్యి తీసెయ్యలేదు. రెండు వేళ్లు మాత్రం తీసేశారు, మిగతావి ముడుచుకోవు. వరహాలరావు అప్పటికే స్తంభాలెక్కడానికి వేరే మనిషిని పెట్టుకున్నాడు. నేను అక్కడికి చూడ్డానికి వెళ్లినప్పుడు మల్లేశు మంచం మీద కూర్చుని ఎడం చేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు. వదిన పక్కనే ఉంది.

అతని సంచి ఇచ్చాను.

"వైరేనా?" అని అడిగాడు.

"వైరే."

"నానన్నాను గదా సత్యా," అన్నాడు. కోపంగా అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే భుజంతో తుడుచుకున్నాడు.

వదిన నా పెదవి మీద కుట్లు చూసింది. చెయ్యి చాచి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "నిన్నూ కొట్టాడా?" అంది. తలూపాను. "నాను ఆ ఇంటికి రాను సత్యా," అంది. రావొద్దనే చెప్పాను.

ఆ ఏడు మా పళ్లు సగం చెట్ల మీదే నల్లబడి రాలిపోయాయి. అయ్య ఒంటి చేత్తో ఎంత కోయగలడు? నేను పగలంతా తోటలోనే ఉండేదాన్ని. ముందు గదికి తలుపు కూడా బిగించలేదు, పాత గోనెలు కట్టాం.

కాఫీ పూత రాకముందే అన్న బెయిలు మీద వచ్చాడు. సాయంత్రం వేళ, గడ్డం పెరిగి, సన్నబడి, అరుగు కింద నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అయ్య రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. చివరికి అరుగు చివర కూర్చున్నాడు.

"గంగ వొత్తాదా?" అని అడిగాడు.

"రాదు," అన్నాడు అయ్య.

"నాను డొంకరాయి ఎల్లిపోతాను. అక్కడ పనులున్నాయంట."

అన్న దాహంగా ఉందన్నాడు. లోపలికెళ్లి గ్లాసుతో చోడి అంబలి తెచ్చాను. దగ్గరికెళ్లి అందించబోయాను. అందుకోవడానికి అతను చెయ్యి ఎత్తాడు. అంతే. నేను రెండడుగులు వెనక్కి పడ్డాను, మోచెయ్యి మొహానికి అడ్డం వచ్చేసింది. అంబలి నా పావడా మీద ఒలికింది.

అతని చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఆ చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా దించి తొడ కింద పెట్టుకున్నాడు.

"కింద ఎట్టు గుంటా," అన్నాడు. "నాను తీసుకుంతాను."

మిగిలిన అంబలి గ్లాసు అరుగు మీద పెట్టి, గుమ్మం దాకా వెనక్కి నడిచాను. నేను గుమ్మం దాటాకే అతను దాన్ని అందుకున్నాడు.